రెండో బూటు లేసు

వన్డేల్లో దంచేవాళ్ళని టెస్టుల్లోకి తీసుకోవాలా వద్దా అనే వాదన ఎక్కడ మొదలైనా బంక అక్కణ్ణుంచి లేచిపోయేవాడు. మిగతావాళ్ళకి అది టీ చల్లారేదాకా కాలక్షేపం. అతనికి కడుపుమంట. పన్నెండేళ్ళుగా నాలుగు రోజుల మ్యాచుల్లో ఇన్నింగ్స్ మొదలుపెట్టి, కొత్త బంతి దెబ్బలు డొక్కల మీదా వేళ్ళ మీదా తిని, ఎనిమిది వేల పరుగులు చేసిన మనిషి. ఒక్క టెస్టు ఆడాలి. ఒక్కటంటే ఒక్కటి, డకౌట్ అయినా సరే. ముప్పై అయిదేళ్ళు మీద పడ్డాయి, ఆ ఒక్కటీ రాలేదు.

క్రీజుకి అంటుకున్నాడంటే ఊడడని ఎవడో బంక అన్నాడు, ఆ పేరే అంటుకుపోయింది. బౌలర్లు విసిగి తిట్టేవాళ్ళు. స్కోరు రాసేవాడు ఆవులించేవాడు. పోనీండి, ఎవడికి కావాలి వాళ్ళ మెప్పు? వదలాల్సిన బంతిని వదిలిపెట్టడంలో ఎంత పని ఉందో ఆ ఆవులించేవాడికేం తెలుసు!

తెలిసింది ఒక్క భార్యకే. ఆమె బట్టలు కుట్టేది. ఇంటి ముందుగదే దుకాణం. మెషిను, ఇస్త్రీ బల్ల, గోడకి మేకుల మీద రంగురంగుల దారం కండెలు. పెళ్ళయిన కొత్తలో ఒక మ్యాచ్‌లో అతను తొంభై తొమ్మిది మీద ఉండి, పరుగుకని ఉరికి, ఊడిన బూటు లేసు తనే తొక్కుకుని బోర్లా పడి రనౌట్ అయ్యాడు. ఇంటికొచ్చి మొహం మాడ్చుకుని కూర్చుంటే, ఆమె అతని కాళ్ళ దగ్గర పీట వేసుకుని, బట్టల మూటలకి తను వేసే ముడి నేర్పింది. రెండు చుట్లు తిప్పి కొసని లోపలికి దోపే ముడి.

"ఇది మీరు పట్టుకుని లాగితే తప్ప ఊడదు. ఇంకెప్పుడైనా పడ్డారంటే లేసు మీద నెట్టకండి," అంది. ఆ తర్వాత పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా ఊడలేదు.

ఆ ఏడు టెస్టు జట్టు ఓపెనర్ ఒకాయన మోకాలు అరిగిపోయి ఆట మానేశాడు. చోటు ఖాళీ అయింది. ఇంకెవరు, బంకే అన్నారు అందరూ. పేపర్లూ అలాగే రాశాయి. సెలెక్షన్ కమిటీ ఛైర్మన్ దగ్గర్నుంచి ఫోన్ వచ్చేసరికి అతను భార్య దుకాణంలో బొత్తాల డబ్బా సర్దుతున్నాడు.

"నిన్నూ తీసుకున్నామయ్యా," అన్నాడు ఛైర్మన్.

ఆ 'నూ' దగ్గరే బంక బొత్తాల డబ్బాకి మూత పెట్టేశాడు.

"ఓపెనర్‌గా ఆ వన్డేల కుర్రాడు, పిడుగు ఆడతాడు. జనం వాణ్ణి చూట్టానికే వస్తున్నారు. నువ్వు పన్నెండోవాడివి. ఒక సాయం చెయ్యాలి, వాడికి బంతిని వదలడం రాదు. పది రోజులు దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పు. నీకంటే బాగా తెలిసినవాడు లేడు కదా."

చూశారా న్యాయం! నీకంటే బాగా తెలిసినవాడు లేడు, కాబట్టి నువ్వు ఆడొద్దు, ఆడేవాడికి నేర్పు. వాడి కాళ్ళు కూడా నొక్కమనలేదు, అదొక్కటే తక్కువ. బంక "సరేనండీ" అన్నాడు. అనక ఏం చేస్తాడు? కాదంటే ఆ పన్నెండో చోటు కూడా పోతుంది.

జట్టు తెల్లబట్టలు వచ్చాయి. ప్యాంటు జానెడు పొడుగు. భార్య కింద మడిచి కుట్టింది. "పన్నెండోవాడైనా మైదానంలోకి వెళ్తాడుగా, నీళ్ళకో గ్లవ్స్‌కో. అంచు నేల మీద ఈడ్చుకుంటూ వెళ్తారా ఏంటి?" అంది. అతను నవ్వలేదు.

పిడుగుకి ఇరవై మూడేళ్ళు. వన్డేల్లో మొదటి ఓవర్లోనే బంతిని పెవిలియన్ కప్పు మీదికి లేపే రకం. లెగ్ స్టంపు మీద గార్డు తీసుకుని, అంటే ఆ స్టంపుకి ఎదురుగా కాళ్ళు పెట్టుకుని, ఎడంగా జరిగి, చేతులు చాపి ఎడాపెడా బాదడమే వాడి విద్య. మొదటిరోజు నెట్స్‌లో కొత్త బంతి బయటికి తిరుగుతుంటే ఇరవై బంతుల్లో పదకొండుసార్లు బ్యాటు అంచుకి తగిలించుకున్నాడు. బంక వెనకాల నిలబడి లెక్కపెట్టాడు. లోపల్లోపల సంతోషించాడు కూడా, అబద్ధమెందుకు?

కానీ పని దగ్గర అతనికి దొంగబుద్ధి చేతకాదు. మర్నాడు మూడు వికెట్లూ పాతి, ఆఫ్ స్టంపుకి ఎదురుగా క్రీజు మీద బూటుతో గీత గీశాడు.

"మిడిల్ స్టంపు మీద గార్డు తీసుకో. బౌలర్ వేసేలోపు ఒక అడుగు ఆఫ్ వైపుకి జరుగు. నీ కుడికన్ను సరిగ్గా ఆఫ్ స్టంపు మీదికి రావాలి. ఇప్పుడు ఆ కన్నుకి బయటగా వచ్చే బంతి వికెట్లకి తగలదు. దాన్ని ముట్టుకోకు. నీ కన్నే నీకు కొలబద్ద."

"అంతేనా అన్నా?"

"అంతే. కానీ గార్డు మారిందో, మొత్తం పోతుంది. లెగ్ మీద నిలబడి ఇదే లెక్క వేశావనుకో, బయటికి పోతోందని నువ్వు వదిలిన బంతి నేరుగా ఆఫ్ స్టంపు లేపేస్తుంది."

పది రోజులు. పొద్దున్నే వెళ్ళడం, చెయ్యి లాగేదాకా బంతులు విసరడం, గీత చెరిగితే మళ్ళీ గియ్యడం. ఎనిమిదో రోజుకి పిడుగు వదలడం మొదలుపెట్టాడు. బంతి పక్కనించి పోతుంటే చిన్నపిల్లాడిలా "వదిలేశానన్నా! చూశావా?" అని అరిచేవాడు. పొగరుబోతైనా బాగుండేది, హాయిగా అసహ్యించుకోవచ్చు. వీడు బంక కిట్‌సంచీ మోసేవాడు, తను తినేముందు అతనికి పెట్టేవాడు. ఖర్మ కాకపోతే ఏంటి!

టెస్టు ముందురోజు పిడుగు అతని చెయ్యి పట్టుకున్నాడు. "అన్నా, నాకు భయంగా ఉంది. అక్కడికెళ్ళాక అన్నీ మర్చిపోతానేమో. నేను ఓవరయ్యాక నీవైపు చూస్తాను. ఏదన్నా తేడా కనిపిస్తే గ్లవ్స్ ఇవ్వడానికన్నట్టు వచ్చెయ్. వస్తావు కదూ?"

"వస్తాలేరా," అన్నాడు బంక. ఆ నిమిషానికి నిజంగానే అన్నాడు.

మర్నాడు మైదానం కిక్కిరిసిపోయింది. డ్రెస్సింగ్ రూమ్ సరిగ్గా బౌలర్ చేతి వెనకాల ఉంది. మెట్ల మీద కూర్చుంటే బౌలర్ చూసేదే కనిపిస్తుంది. బంక ఒళ్ళో రెండో జత గ్లవ్స్ పెట్టుకుని కూర్చున్నాడు. మొదటి ఓవరు రెండో ఓపెనర్ ఆడాడు. రెండో ఓవరుకి ఇటువైపు నుంచి ఒక పొడుగాటి ఫాస్ట్ బౌలర్ బంతి అందుకున్నాడు. పిడుగు గార్డు తీసుకున్నాడు.

బంక లేచి నిలబడ్డాడు. పిడుగు మిడిల్ మీద ఉంటే వాడి కాళ్ళ పక్కన ఆఫ్ స్టంపు ఒక్కటే కనిపించాలి. మూడూ కనిపిస్తున్నాయి. తెల్లగా, బారుగా, దుకాణంలో పెట్టినట్టు. అంపైర్ అడిగుంటాడు, భయానికి వాడి నోరు పాత అలవాటు కొద్దీ "లెగ్" అనేసి ఉంటుంది. అంతమంది జనంలో ఆ సంగతి తెలిసినవాడు ఒక్కడే.

మొదటి బంతి బాగా బయటికి పోయింది. పిడుగు చేతులు పైకెత్తి వదిలేశాడు. జనం ముక్కున వేలేసుకున్నారు. రెండోదీ వదిలాడు, మూడోదీ వదిలాడు. వెనకనించి కోచ్ "భలే నేర్పావు బంకా!" అన్నాడు. బౌలర్ ఇంకా వికెట్ల మీదికి వెయ్యలేదు, అందుకే బతికాడు. వేసిన రోజున తెలుస్తుంది.

ఓవరు అయింది. పిడుగు బ్యాటు చంకలో పెట్టుకుని పెవిలియన్ వైపు చూశాడు. చూసి, అలాగే నిలబడ్డాడు. గ్లవ్స్ బంక చేతిలోనే ఉన్నాయి. మెట్లు నాలుగు. తాడు దాటితే మైదానం. "రేయ్, మిడిల్" అని ఒక్క మాట చాలు.

వీడు నిలబడితే ఇక పదేళ్ళు కదలడు. వీడు పోతే వచ్చే టెస్టు నాది. అంతకంటే ఏమీ అనుకోలేదు. అనుకోడానికి అంతకంటే టైమూ లేదు. కుడి బూటు లేసు ఊడిందనిపించింది. వంగి కట్టుకున్నాడు. తల ఎత్తేసరికి అవతలి చివర మూడో ఓవరు మొదలైంది.

ఆ ఓవరు ఆరు బంతులూ రెండో ఓపెనరే ఆడాడు. ఆ ఆరు బంతులసేపూ బంక నిలబడే ఉన్నాడు. ఈసారి వెళ్తాను, ఓవరు అవగానే వెళ్తాను అని తనకి తనే చెప్పుకున్నాడు. అయింది. పిడుగు మళ్ళీ చూశాడు. ఈసారి చెయ్యి కూడా కొంచెం ఎత్తాడు, బాగానే ఉందా అన్నట్టు. బంక వంగి ఎడమ బూటు లేసు విప్పాడు. విప్పి, నిదానంగా, రెండు చుట్లు తిప్పి, కొస లోపలికి దోపి కట్టాడు.

కొస దోపుతుండగా టక్కుమని చప్పుడైంది. ఆ వెంటనే జనం ఉస్సురన్నారు. అతను తల ఎత్తాడు. పిడుగు చేతులు పైకెత్తి, బ్యాటు భుజం మీద పెట్టుకుని, నేర్పింది నేర్పినట్టు నిలబడి ఉన్నాడు. ఆఫ్ స్టంపు లేదు.

డ్రెస్సింగ్ రూమ్‌లో కోచ్ బంక మీద విరుచుకుపడ్డాడు. "వదిలెయ్ వదిలెయ్ అని వాడి బుర్ర పాడుచేశావు కదయ్యా! బ్యాటు దించి ఆడితే ఫోర్ పోయే బంతి అది!"

పిడుగు ప్యాడ్లు విప్పుకుంటున్నాడు. బంక గ్లవ్స్ సంచీలో పెట్టేశాడు. గార్డు సంగతి చెబితే, చూసి ఎందుకు వెళ్ళలేదని అడుగుతారు.

రెండో ఇన్నింగ్స్‌కి కోచ్ పిడుగుని పిలిచి, "నేర్చుకున్నదంతా మర్చిపో, నీ ఆట నువ్వాడు," అన్నాడు. వాడు ఆడాడు. రెండుసార్లు క్యాచ్ జారవిడిచారు, బంతులు స్లిప్పుల మీదుగా పోయాయి, ఏదైతేనేం, డెబ్బై అయిదు బంతుల్లో తొంభై ఒకటి. జనం వాణ్ణి నెత్తిన పెట్టుకున్నారు. మ్యాచ్ పోయింది, అది ఎవరికీ పట్టలేదు.

మర్నాడు ఛైర్మన్ బంకని ఆఫీసుకి పిలిచాడు. గదిలో ఫ్యాను గరగరమంటోంది. బల్ల మీద వచ్చే టెస్టు జట్టు కాగితం ఉంది. పిడుగు పేరు మొదట్లోనే ఉంది. పన్నెండో పేరు మరో వన్డే కుర్రాడిది.

"ఏమీ అనుకోకయ్యా," అన్నాడు ఛైర్మన్. "నువ్వు నేర్పినట్టు ఆడితే నాలుగో ఓవరుకే క్లీన్‌బౌల్డ్. వాడి ఆట వాడాడితే తొంభై. ఇంకా వాదనేముంది? కమిటీలో నీకోసం మాట్లాడేవాళ్ళు ఇద్దరుండేవాళ్ళు. వాళ్ళు కూడా నిన్న నోరు మూసుకున్నారు. వదిలే కాలం పోయింది."

బంక ఆ జట్టు కాగితం ఇంకోసారి చదివాడు. పన్నెండేళ్ళు తను నమ్ముకున్న విద్య పనికిరాదని అందరిముందూ రుజువు చేసింది ఎవరు? బౌలరా? పిడుగా? ఆ కాగితం మీంచి తన పేరు తనే కొట్టేసుకున్నాడు. ఎవణ్ణని తిట్టుకుంటాడు?

బయట వరండాలో పిడుగు కాచుకుని ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అన్నా, తప్పు నాది. టీవీలో చూశాక తెలిసింది, లెగ్ మీద గార్డు తీసుకున్నాను. కోచ్‌కి చెప్పాను, ఛైర్మన్‌కి చెప్పాను, అన్న నేర్పింది తప్పు కాదండీ అని. వాళ్ళు వినిపించుకోలేదు." బంక చెయ్యి పట్టుకున్నాడు. "నీవైపు రెండుసార్లు చూశాను. నీకు కనపడి ఉండదులే. కనపడితే పరిగెత్తుకొచ్చేవాడివి కదా."

బంక ఆ చెయ్యి విడిపించుకుని, "బాగా ఆడు," అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చేసరికి భార్య మెషిను మీద ఉంది. అతను కిట్‌సంచీ మూలన పెట్టాడు. ఆమె తొక్కడం ఆపలేదు. కుడుతున్న జేబు పూర్తిచేసి, దారం పళ్ళతో కొరికి, సంచీ తెరిచి తెల్లప్యాంటు బయటికి తీసింది. అంచు చూసింది. తను మడిచి కుట్టిన అంచు మీద మైదానం మట్టి రవ్వంత కూడా లేదు.

"తీసేశారు," అన్నాడు బంక. "వచ్చే టెస్టుకి లేను. ఇక ఉండను."

"టీవీలో మిమ్మల్ని చూపించారు. పన్నెండేళ్ళలో మొదటిసారి," అందామె. "పిల్లవాడు ఇటు చూస్తున్నాడు, ఎవర్ని చూస్తున్నాడా అని కెమెరా మీమీదికి తిప్పారు. లేసు కట్టుకుంటున్నారు. ఇంకోసారి తిప్పారు. అప్పుడూ లేసే."

"ఊడింది," అన్నాడు.

ఆమె ప్యాంటు మడతపెట్టింది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని, కత్తెర కొసతో తను వేసిన కుట్లు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టింది.

"ఆ ముడి మీకు నేర్పింది నేను," అంది తల ఎత్తకుండా. "దానంతటది ఊడదు."