కుడి మోకాలి వేడి

ఎనిమిది నెలల పిల్లవాణ్ణి ఆపరేషను గది గుమ్మం దగ్గర అప్పగిస్తూ తల్లి ఒక్కటే అడిగింది.

"వీడికి చలి అసలు పడదు మేడం. ఆ ఊలు మేజోళ్లయినా ఉండనివ్వండి."

"ఉంచుతానమ్మా. ఎంత వెచ్చగా ఇస్తున్నావో అంత వెచ్చగా నీ చేతిలో పెడతాను," అంది మత్తు డాక్టరు.

అన్న తరువాత ఆ మాట కాస్త ఎక్కువైందని ఆమెకే తోచింది. మత్తులో పసివాడి ఒళ్లు తన వేడిని తాను నిలుపుకోలేదు; తెరిచిన పొట్టలోంచి అది జారిపోతూనే ఉంటుంది. చల్లబడిన బిడ్డ రక్తం త్వరగా గడ్డకట్టదు, స్పృహ త్వరగా రాదు. అందుకే ఆమె గదిని ముందే వేడెక్కించి, తలకు టోపీ తొడిగి, సెలైను వెచ్చబరిచి, బిడ్డ కింద పలుచని గాలి దుప్పటి పరిచింది. యంత్రం నుంచి వెచ్చటి గాలి ఒక గొట్టం గుండా ఆ దుప్పటిలోకి వస్తుంది.

సర్జను ఆమెకు స్వయానా అక్క మొగుడు. పేగులో అడ్డు తొలగించడంలో ఎంత నేర్పరో, గది ఉక్కగా ఉందని సణగడంలోనూ అంతే నేర్పరి.

"ఇది ఆపరేషను గదా, ఇటుకల బట్టీయా?"

"ఏసీ కావాలంటే సినిమాకెళ్లండి బావా. ఇక్కడ వాడిదే రాజ్యం."

నర్సు నవ్వుతూ ఆయన నుదుటి చెమట అద్దింది.

కొంతసేపటికి మళ్లీ మొదలుపెట్టాడు. "ఇవాళ మరీ అన్యాయం. కాళ్లు ఉడికిపోతున్నాయి."

"అక్కతో చెప్పుకోండి."

"మీ అక్క వినేదైతే నీకెందుకు చెప్పుకుంటాను?"

ఆమె నవ్వుతూ మానిటరు తెర వైపు తిరిగింది, నవ్వు ఆగిపోయింది. పిల్లవాడి ఉష్ణోగ్రత ముప్పై ఆరు డిగ్రీల కిందికి దిగింది. ఒంటి వేడి కొలిచే తీగ సరిగానే ఉంది. ఆమె గాలి యంత్రంలో వేడి పెంచింది. అంకె ఇంకా దిగింది.

"అబ్బా, ఇంకా పెంచావా? మోకాలు కాలుతోందే!"

"ఏ మోకాలు?"

"కుడిది. ఇప్పుడా లెక్కలెందుకు?"

గది వేడెక్కితే మనిషంతా ఉడకాలి. ఒక్క మోకాలే ఉడకదు. ఆమె చప్పున వంగి, బిడ్డ మీద కప్పిన పచ్చగుడ్డ అంచు కింద చూసింది. దుప్పటి నుంచి ఊడిన గొట్టం సర్జను మోకాలి మీదికి భేషుగ్గా వేడిగాలి ఊదుతోంది. బిడ్డ కింద దుప్పటి చప్పబడి, చల్లగా పడి ఉంది.

గొట్టం మళ్లీ తగిలించి, ప్లాస్టరుతో బిగించింది.

"ఇందాకటి నుంచి మిమ్మల్నే కాచుతున్నాను బావా. మీరు చెప్పింది వినాల్సింది."

వేళాకోళం ఆడతాడనుకుంది. ఆయన ఆడలేదు. "వెచ్చటి తడిగుడ్డ ఇవ్వమ్మా, పేగులు కప్పుదాం," అన్నాడు నర్సుతో. ఆ తరువాత మరదలితో, "గది కూడా ఇంకాస్త పెంచు. నా చెమట సంగతి సిస్టరు చూసుకుంటుంది."

కుట్లు పూర్తయినా, అంకె ముప్పై ఆరున్నరకు చేరేదాకా ఆమె పిల్లవాణ్ణి మత్తు నుంచి లేపలేదు.

"చలి వేయలేదుగా మేడం?" అంది తల్లి చేతులు చాస్తూ.

లేదనేస్తే సరిపోయేది. "మధ్యలో కాసేపు చల్లబడ్డాడమ్మా. గొట్టం ఊడింది, ఆలస్యంగా చూశాను. ఇప్పుడు బాగున్నాడు."

తల్లి ఆమె ముఖంలోకి చూసింది. మేజోడులోకి వేళ్లు దూర్చి, చాలాసేపు తడిమింది.

"వెచ్చగానే ఉన్నాడు మేడం."

వెనకనుంచి, నిలువునా తడిసి ముద్దయిన సర్జను గొంతు వినిపించింది. "ఉండడా మరి! నా వాటా కూడా వాడికే ఇచ్చేశాను."