కుడివైపు సీటు

విమానాల షెడ్ల దగ్గర అతన్ని అందరూ దూదయ్య అనేవారు. అసలు పేరు పెట్టి పిలిస్తే తననేనని తెలుసుకోవడానికి అతనికే కాస్త సమయం పట్టేది. సొంత విమానాలున్నవాళ్ళకి లోపలి సీట్లు, మీటల అమరిక చేసిపెట్టడం అతని పని.

"ఎగరడం సంగతి ఇంజను చూసుకుంటుంది. నడిపేవాడికి తన నడుము గుర్తు రాకుండా చూడటం నా వంతు" అనేవాడు.

తొడ కింద సీటు అంచు కాస్త ఒత్తుకున్నా కాలు మొద్దుబారుతుందనీ, ఎండ పడి మీటర్ల అద్దాలు మెరిస్తే కళ్ళు అలిసిపోతాయనీ, అలిసిపోయిన మనిషి తప్పు చేస్తాడనీ అతనికి బాగా తెలుసు. అందుకే అతని చేతి సీటు కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చేవారు.

అతని అన్న పశువుల డాక్టరు. దారి సరిగా లేని దూరపు పశువుల పెంపక కేంద్రాలకి తన రెండు సీట్ల విమానంలో వెళ్ళి వైద్యం చేసేవాడు. పక్క సీట్లో ఎప్పుడూ భార్య ఉండేది. మందులు సర్దడం, సూదులు అందించడం, మొండి ఎద్దు మెడ పట్టుకుని బుజ్జగించడం ఆమె పనులు. "నేను ఉత్త డాక్టర్ని. ఆస్పత్రి మా ఆవిడ" అని ఆయన కొత్తవాళ్ళకి పరిచయం చేసేవాడు.

అలాంటి విమానాల్లో రెండు సీట్ల ముందూ నడిపే సరంజామా ఉంటుంది. మోకాళ్ళ మధ్య స్టిక్, పాదాల కింద పెడళ్ళు. ఎటువైపు నుంచైనా నడపవచ్చు. వదిన పొట్టి మనిషి. మందుల పెట్టె ఒళ్ళో పెట్టుకుంటే స్టిక్‌కి తగిలేది. కాళ్ళు చాపితే పెడళ్ళు అడ్డం. ఒకసారి గిత్త తన్ని మోకాలు వాచినప్పుడు ఆమెకి విసుగొచ్చింది.

"ఈ రోకలిని నా ముందు నుంచి తీయించండి బాబూ. నేను నడిపేదా పెట్టేదా?"

"తమ్ముడికి చెప్తాలే" అన్నాడాయన.

దూదయ్య కుడివైపు స్టిక్ తీసేశాడు. పెడళ్ళు విప్పి, వాటి చోట పాదాలు ఆనించుకోవడానికి ఏటవాలు చెక్క అమర్చాడు. సీటుని కొంచెం వెనక్కి వాల్చి, మెడకి దిండు కుట్టాడు. వదిన ఎక్కి కూర్చుని, "ఇది సీటా, ఉయ్యాలా?" అంది. అప్పటి నుంచి విమానం నేల విడవడం ఆలస్యం, ఆమెకి నిద్ర పట్టేసేది.

ఆ రోజు మధ్యాహ్నం ఇంటికి తిరిగి వస్తున్నారు. భర్త "ఉక్కగా ఉందేమిటి?" అంటూ గాలి కోసం పక్క అద్దం తీశాడు. ఆమె మగతలో ఊఁ కొట్టింది. కళ్ళు తెరిచేసరికి ఆయన తల వాలిపోయి ఉంది. కిందకి దేనికోసమో చూస్తున్నాడనుకుంది. విమానం ముక్కు నేలవైపు తిరుగుతుంటే అప్పుడు అర్థమైంది.

ఆమె ముందు పట్టుకోవడానికి ఏమీ లేదు.

ఆయన భుజాల బెల్టు బిగించి వెనక్కి లాగింది. తన బెల్టు వదులు చేసుకుని, ఆయన మీదకి ఒరిగి, ఆయన మోకాళ్ళ మధ్య ఉన్న స్టిక్ పట్టుకుంది. ఏళ్ళ తరబడి పక్కన కూర్చుని విన్నది కనుక రేడియోలో పిలవడం తెలుసు. అవతల కంట్రోలు టవర్లో ఉన్నాయన మెల్లగా, గుక్క తిప్పుకోనిస్తూ, ఏ మీట ఎప్పుడు లాగాలో చెప్పాడు. చక్రాలైతే నేలకి ఆన్చగలిగింది. కానీ బ్రేకులు పెడళ్ళతోనే వేయాలి. ఆమె పాదాల కింద ఉన్నది చెక్క. విమానం రన్‌వే దాటి, గడ్డిలో పడి, కంచెలోకి దూసుకుపోయి ఆగింది. ఆమె నుదురు చిట్లింది. ఆయన గాలిలోనే పోయాడనీ, నేల మీద ఉన్నా బతికేవాడు కాదనీ డాక్టర్లు చెప్పారు.

అన్నకి చేయవలసినవన్నీ దూదయ్య ముందుండి చేశాడు. వదిన ముఖం మాత్రం చూడలేదు. షెడ్ల దగ్గర ఎవరో "సుఖానికి పోతే ఇంతే మరి" అనడం అతని చెవిన పడింది. ఎవరన్నారో వెనక్కి తిరిగి చూడలేదు. మర్నాటి నుంచి విమానాల పని మానేసి, ఒక ఫర్నిచర్ కొట్టుకి సోఫాలు కుట్టసాగాడు. ముక్కు విరిగిన అన్న విమానం అతని షెడ్డులోనే, టార్పాలిన్ కింద పడి ఉంది.

కొన్నాళ్ళకి, ఒక ఉదయం, వదిన షెడ్డుకి వచ్చింది. నుదుటి మీద గాయం మచ్చ కట్టింది. అతను సోఫాకి మేకులు కొడుతున్నాడు.

"విమానం బాగుచెయ్యవయ్యా" అంది.

"ఇంజను వాళ్ళని పిలిపిస్తాను. బాగుచేయించి అమ్మేద్దాం వదినా."

"అమ్మడానికి కాదు. నేను నేర్చుకుంటాను."

అతను సుత్తి కింద పెట్టాడు. "నన్నడగొద్దు. నేను తీసేసిన స్టిక్ అది. నా చేతుల్తో విప్పాను."

"తియ్యమన్నది నేను. సరేనన్నది మీ అన్నయ్య. ముగ్గురం కలిసి చేసిన పనిని నువ్వొక్కడివే మోస్తానంటే ఎలా?"

ఆమె సోఫా చట్రం మీద కూర్చుంది.

"నీకొకటి చెప్పాలి. ఎవరికీ చెప్పలేదు. ఆయన చెయ్యి స్టిక్ మీద బిగుసుకుపోయింది. రావట్లేదు. ఒక్కో వేలూ విడదీశాను. 'తప్పుకోండి, వదలండి' అని అరిచాను. తిట్టాను కూడా. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన్ని ఒక్క మాట అనలేదు నేను. ఆఖరికి అన్నది అదీ."

"అప్పటికే అన్నయ్య లేడు వదినా. ఆయనకి వినపడలేదు."

"నాకు వినపడింది కదా." ఆమె చీర చెంగుతో ముఖం తుడుచుకుంది. "నిద్రలో నా కాళ్ళు మంచాన్ని తన్నుతున్నాయి. పెడళ్ళు వెతుక్కుంటున్నాయి. పగలు మందులు సర్దుకుంటూ ఎలాగో నెట్టుకొస్తున్నాను. ఈ కాళ్ళకేం చెప్పను?"

దూదయ్య లేచి వెళ్ళి టార్పాలిన్ లాగాడు. దుమ్ము రేగింది. ఇద్దరూ దగ్గారు. ఆ దగ్గు మధ్యలోనే అతను ఏడవడం మొదలుపెట్టాడు. ఆమె అతని వీపు నిమరలేదు, ఊరుకోమనీ అనలేదు. పక్కన నిలబడింది.

ముక్కు, రెక్క అంచు, ఇంజను బాగుచేయడానికి వేరేవాళ్ళు వచ్చారు. లోపలి పని దూదయ్యది. మొదట వదినని ఎడమవైపు, అన్న సీట్లో కూర్చోబెట్టాడు. అన్న ఎప్పుడూ ఎడమ మోచేతి మీద ఆనుకుని కూర్చునేవాడు. ఏళ్ళ బరువుకి ఆ పక్క ఫోమ్ అణిగిపోయి గుంట పడింది. ఆమె కూర్చోగానే అటే ఒరిగింది. కాసేపు అలాగే ఉండిపోయింది. అతను బయట నిలబడి పనిముట్లు తుడుచుకున్నాడు.

"ఇందులో నేను తిన్నగా కూర్చోలేను" అంది చివరికి. "తీసెయ్."

అతను కుట్లు విప్పాడు. ఫోమ్ ఆమే లాగింది. పాత జిగురు వదలక ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఆ ముక్కలన్నీ ఒక గోనెసంచిలో వేసి, మూతి కట్టి, చెత్తబండి వచ్చే చోట ఆమే పెట్టి వచ్చింది.

కొత్త సీటు అంత మెత్తగా కుదరలేదు. అతను కుదరనివ్వలేదు. గట్టి ఫోమ్ వాడాడు. నడుము దగ్గర మాత్రం నిండుగా ఉంచాడు. పాదాలు పెడళ్ళ చివరిదాకా ఆనేలా సీటుని ముందుకి జరిపాడు. కళ్ళు విమానం ముక్కు మీదుగా రన్‌వేని చూసేలా ఎత్తు పెంచాడు. ఆ తర్వాత ఆమెని కళ్ళు మూసుకోమన్నాడు.

"ఇంధనం ఆపే మీట పట్టుకో."

ఆమె చెయ్యి పక్కనున్న మీట మీద పడింది.

"అది చలికి వేడిగాలి వదిలేది. దాంతో ఇంజను ఆగదు."

"రెండూ ఒకేలా ఉంటే చేతికేం తెలుస్తుందయ్యా? చేతికి కళ్ళున్నాయా?"

ఒక మీట పిడి గుండ్రంగా, ఇంకోటి పలకలుగా, మరోటి గరుకు పళ్ళతో మార్పించాడు. తనిఖీ అధికారులు ఒక పిడిని ఒప్పుకోలేదు. మళ్ళీ చేయించాడు. వదిన కళ్ళు మూసుకుని అన్నీ తడిమి పట్టుకునేదాకా రోజూ సాధన చేయించాడు. కుడివైపు స్టిక్, పెడళ్ళు యథాస్థానానికి వచ్చాయి. ఏటవాలు చెక్కని పొయ్యిలో వేశాడు.

విమానం నేర్పే ఆవిడ కఠినురాలు. "బండి తోలినట్టు తోలకండి, ఇది గాలి" అని కసిరేది. మొదటి నెలల్లో వదిన దిగగానే వాంతి చేసుకునేది. దిగుతున్న ప్రతిసారీ ముక్కు కంచెవైపే పోతున్నట్టు అనిపించేదట. పరీక్షలో ఒకసారి తప్పింది. "తప్పితే తప్పాను, చచ్చానా?" అంటూ వచ్చి దూదయ్య షెడ్డులో రెండు గ్లాసుల నీళ్ళు తాగి మళ్ళీ వెళ్ళింది. రెండోసారి గట్టెక్కింది. మంచాన్ని తన్నడం తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. పోతుందని ఆమె అనుకోలేదు కూడా.

దూదయ్య సోఫాలు వదిలి పాత పనికి వచ్చాడు. కుడివైపు సరంజామా ఊడదీయమని ఎవరైనా వస్తే, "వేరే చోటు చూసుకోండి" అని చెప్పి పంపేవాడు. కారణం అడిగితే చెప్పేవాడు. కొందరు కోపంగా వెళ్ళిపోయారు. కొందరు సరేనని సీటు కొలతలిచ్చారు.

వదిన 'ఆస్పత్రి'కి కొత్త డాక్టరు దొరకడం కష్టమైంది. చివరికి అప్పుడే చదువు పూర్తిచేసిన ఒక అమ్మాయి వచ్చింది. పశువులంటే ప్రాణం, ఎత్తంటే హడల్. మొదటిసారి కుడి సీట్లో కూర్చుని, బెల్టు రెండు చేతులతో పట్టుకుని కళ్ళు మూసుకుంది.

విమానం పైకి లేచి, నది దాటి నిలకడగా సాగుతుండగా వదిన అంది: "డాక్టరమ్మా, కళ్ళు తెరిచి ఆ స్టిక్ పట్టుకోండి."

"నేనా? నేను పశువుల డాక్టర్నండీ!"

"తెలుసు. పాదాలు పెడళ్ళ మీద పెట్టండి. గట్టిగా వద్దు, ఊరికే ఆనించండి."

"నాకేమీ రాదండీ."

"నాకూ వచ్చేది కాదు" అంది వదిన. "ఇప్పుడు నేను చేతులు తీస్తున్నాను. మీరు కొంచెం ఎడమకి."

అమ్మాయి స్టిక్ కదిపింది. రెక్క కొద్దిగా వంగింది. కింద పచ్చిక, దాని మీద చుక్కల్లా పశువులు ఒక పక్కకి జరిగాయి. వదిన చేతులు ఒళ్ళోనే ఉంచుకుంది.

"అలాగే ఉండనివ్వండి," అంది. "బాగుంది."