ఆప్షన్ల వరుస

నాగజ్యోతి చదివే ఇంజినీరింగ్ కాలేజీ పేరు ర్యాంకుల జాబితాలోంచి పోయిన రోజున, శనగకు పొలం సిద్ధం చేస్తున్న ఆమె తండ్రి ఓబుళేశు కాళ్ల మట్టి కూడా కడుక్కోకుండా దేవేంద్రప్ప సారు ఇంటికి వచ్చాడు. కోయిలకుంట్లలో పిల్లల పైచదువుల గురించి ఎవరికి సందేహం వచ్చినా వెళ్లేది ఆ లెక్కల సారు ఇంటికే.

బెంగళూరు కంపెనీ ఒకటి మొదటి వంద కాలేజీల పిల్లలనే పరీక్షకు పిలుస్తోంది. గడువు మూడు రోజులు. పోయినేడు నాగజ్యోతి కాలేజీది తొంభై నాలుగో స్థానం. ఈ ఏడాది మొదటి వందలో లేదు. ఫారంలో కాలేజీని ఎంచుకునే చోట ఆ పేరు కనపడలేదు. అది నింపందే ఫారం మార్కుల దాకా పోదు.

"పదికి తొమ్మిది దగ్గర్లో ఉండాయి సార్ పాప మార్కులు. అవి చూసేవాళ్లే లేరంట," అన్నాడు ఓబుళేశు. టీకొట్టు దగ్గర పెద్ద ఈరన్న, "ఏమప్పా, అది కాలేజీనా, క్రికెట్ టీమా, ఏడాదికొక ర్యాంకు?" అన్నాడని కూడా చెప్పాడు. చెప్పి నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

సారు కాలేజీకి ఫోన్ చేశాడు. తమ చేతిలో ఏమీ లేదన్నారు. కంపెనీకి మెయిల్ రాశాడు. ఆ చిరునామాకు రాయవద్దని వెంటనే జవాబు వచ్చింది. చివరికి ఇంకేదైనా దారి ఉందేమోనని లేవికి చేశాడు. లేవి ఆయన పాత విద్యార్థి, కడప గవర్నమెంటు కాలేజీలో చదివి ఇంకో కంపెనీలో ఉద్యోగంలో చేరినవాడు.

"మా కాలేజీ ఏ లిస్టులోనూ లేదు సార్. ముందు చేరినోళ్లు తర్వాతోళ్ల పేర్లు ఇస్తాండారు, అంతే. ఈసారి మా కంపెనీలోకి పదకొండు మంది వచ్చినారు. మీకు తెలీనిదా, నన్ను ఆడికి పంపింది మీరే కదా."

తెలిసిందే. ఏటా ఇంజినీరింగ్ సీట్ల కోసం కాలేజీలను వరుసగా ఎంచుకునే వెబ్ ఆప్షన్లకు ముందు సారు ఒక్కో కాలేజీలో చదివిన పాత పిల్లలకు ఫోన్ చేసి, ఎందరికి ఉద్యోగాలు వచ్చాయో అడిగి, ఆ తర్వాతే కాలేజీల వరుస రాసిచ్చేవాడు. మూడేళ్ల కిందట, ఆప్షన్లకు ఆఖరి రోజునే ఆయన భార్య గురమ్మ పెద్దకర్మ వచ్చింది. భోజనాల వేళ ఓబుళేశు కాగితం పట్టుకొని మొహమాటంగా వాకిట్లో నిలబడ్డాడు. సారు ఆ రోజు ఎవరికీ ఫోన్ చేయలేదు. ర్యాంకుల జాబితా చూసి పైనుంచి కిందికి రాసిచ్చాడు. జాబితాలో లేని కడప చివరన ఆరోది అయింది. కొన్నాళ్లకు నాగజ్యోతికి మొదట రాసిన కాలేజీలోనే సీటు వచ్చింది. ఆ సాయంత్రం ఓబుళేశు మిఠాయి తెచ్చి, అది కర్మ జరిగిన ఇల్లని గుర్తొచ్చి, పొట్లం విప్పకుండానే తీసుకుపోయాడు.

"లిస్టు మారితే మీరేం చేస్తారు సార్," అన్నాడిప్పుడు ఓబుళేశు లేస్తూ. "ఆ పొద్దు అంత కష్టంలో ఉండి గూడా, నలుగుర్ని విచారించి రాసిచ్చినారు. ఎవరు చేస్తారు అట్ల?"

సారు నోరు తెరిచాడు. ఓబుళేశు అప్పటికే వంగి చెప్పులు వెతుక్కుంటున్నాడు. సారు గేటు దాకా వెంట నడిచి వెనక్కి వచ్చాడు.

మూడో రోజు సాయంత్రం అయిదింటికి ఫారం గడువు ముగిసింది. నాగజ్యోతి దాన్ని పంపలేకపోయింది. ఆప్షన్లు రాసిచ్చిన రోజు తాను ఎవరినీ విచారించలేదన్న మాట దేవేంద్రప్ప ఓబుళేశుకు ఇంకా చెప్పలేదు.