కాలిపోయే ఉద్యోగం

నేను ఒక జానెడు తీగను. కొండదారుల్లో తిరిగే పాత పెట్రోలు జీపులో, బ్యాటరీ పక్కన మసిలో, పాతికేళ్లు ఎవరి కంటా పడకుండా కూర్చున్నాను. బండిలోని కరెంటంతా నా ఒంట్లోంచే పోవాలి. ఎక్కడైనా వైరు ఇనుముకు తగిలి కరెంటు వరదలా వచ్చిపడితే, బండి అంటుకోకముందే నేను కాలి తెగిపోవాలి. అదే నా ఉద్యోగం. పింఛను లేదు.

మా యజమాని పాంగి బొంజన్న, పాడేరు ఘాటు మీద జనాన్ని చేరవేసే డ్రైవరు. మా హారనుకు హడలి ఒకసారి అడవిపంది చెట్టెక్కింది. దించడానికి నిచ్చెన వేశాం. నమ్మకపోతే మీ ఇష్టం.

బొంజన్నను పెంచింది అతని అక్క చిలకమ్మ. మంచులో దారి కనబడాలని అతడు పళ్లేలంతేసి దీపాలు రెండు తెచ్చి, తనే వైర్లు కలిపాడు. అతుకుకు టేపు చుట్టడం మరిచాడు.

"ఏట్రా, బండికి పెళ్లి సేస్తన్నావేటి?" అంది చిలకమ్మ.

"నీ కోసమే అక్కా. సంతకెల్తే దొరసానిలా కూకుందువు గాని."

ఆ చలికాలం ఒక పొద్దున పసుపు చేలో ఆమెను పాము కరిచింది. బొంజన్న ఎత్తుకొచ్చి జీపులో పడుకోబెట్టాడు. ఘాటంతా మంచు. దీపాలు వేశాడు. మూడో మలుపు గతుకులో ఆ అతుకు ఇనుముకు తగిలింది. పక్కనే పెట్రోలు గొట్టం. నేను నా పని చేశాను.

ఇంజను ఆగిపోయింది. బొంజన్న స్టీరింగు కింది చిన్న ఫ్యూజులన్నీ మార్చాడు. బ్యాటరీ కదిపి చూశాడు. బండిని నెట్టాడు. రెండుసార్లు నా మీద చెయ్యి కూడా ఆనించాడు. నేనెవరో అతనికి తెలియదు.

"కంగారు పడకురా బొంజూ," అంది అక్క.

రెండు గంటలకు లారీ వచ్చింది. అప్పటికే ఆమె మాట ఆగిపోయింది. ఊపిరి ఆస్పత్రి గుమ్మం దాకానే నిలిచింది.

తరవాత మాడుగులలో మెకానిక్ మస్తాన్ సాయిబు నన్ను కోసి తీశాడు. "ఇది కాలకపోతే మీరిద్దరూ మసైపోదురు బాబూ. మిమ్మల్ని కాపాడింది."

"ఇద్దరం ఎక్కేం సాయిబూ," అన్నాడు బొంజన్న.

సాయిబు నా చోట నల్లటి పెట్టె బిగించి, అందులో పెద్ద ఫ్యూజు పెట్టాడు.

"ఇది తెగిపోతే?"

"లాగి పారేసి కొత్తది పెట్టు. నిమిషం పని."

బొంజన్న లాగాడు, పెట్టాడు. కళ్లు మూసుకుని మళ్లీ లాగాడు, పెట్టాడు. అలా ఎన్నిసార్లు చేశాడో. సాయిబు తెప్పించిన టీ చల్లారిపోయింది.

దీపాలు అక్కడే విప్పించేశాడు. నన్ను మాత్రం పారేయలేదు. మిగులు ఫ్యూజులతో పాటు ఒక పొగాకు డబ్బాలో పెట్టుకున్నాడు. ఇప్పుడు నా ఉద్యోగం ఆ కుర్ర ఫ్యూజులకు కబుర్లు చెప్పడం. పంది కథ వాటికీ నమ్మకం కుదరలేదు. మూడో మలుపు కథ నేనింకా చెప్పలేదు.

జనం ఎక్కేముందు బొంజన్న రోజూ బానెట్టు ఎత్తి, కళ్లు మూసుకుని, ఆ పెట్టె మీద చెయ్యి పెడతాడు. ఫ్యూజు లాగుతాడు, పెడతాడు. పెదవులు కదుపుతూ అంకెలు లెక్కపెడతాడు. ముప్పై లోపే అయిపోతుంది.

డ్రైవరు దండం పెట్టుకుంటున్నాడని జనం చెప్పులు విడిచి నిలబడతారు.