మూడో పిలుపు

నాలుగోసారి పుక్కిలించిన ఉప్పునీళ్ళు ఉమ్మేసి, గంటయ్య "ఆ" అని చూశాడు. గొంతు పలకలేదు. కాసేపు వేడినీళ్ళ ఆవిరి పట్టి మళ్ళీ అన్నాడు. ఈసారి పక్కవాటా కుక్క మొరిగింది. అంటే గొంతు పనిచేస్తోందన్నమాట.

ఎడమ భుజం లాగుతోందని తెల్లవార్లూ మూలిగారు కదా, ఇవాళ్టికి సెలవు పెట్టమని భార్య అంది. ఖాకీ చొక్కాకి ఊడిన గుండీ కుడుతూ అంది. ఆ చొక్కా వేసుకునే మనిషి సెలవు పెట్టడని ఆమెకు తెలుసు.

"ఊళ్ళో దొంగనీ దొరనీ పేరు పెట్టి పిలుస్తారు. నన్ను మాత్రం ముప్పై ఏళ్ళుగా 'ఇదిగో' అంటారు. అసలు నా పేరు గుర్తుందా?"

"నీ మీద కేసు పడనీ, మూడుసార్లు పిలుస్తాను."

ఆమె నవ్వి దారం పంటితో తెంపింది.

గంటయ్య అన్నది అమ్మానాన్న పెట్టిన పేరు కాదు, వకీళ్ళు పెట్టింది. మనిషి సన్నగా, వెదురు కర్రకు చొక్కా తొడిగినట్టు ఉంటాడు. మెడ పొడుగు. పిలిచేటప్పుడు కంఠంలో ఎముక పైకి లేచి, పిలుపు అయ్యేదాకా దిగదు. కోర్టు రెండో అంతస్తు వరండాలో నిలబడి, కేసు నంబరూ మనుషుల పేర్లూ మూడుసార్లు పిలవడం ఆయన ఉద్యోగం. మూడో పిలుపుకు కూడా మనిషి లోపలికి రాకపోతే 'పిలువగా రాలేదు' అని రాసి కేసు కొట్టేస్తారు. చెప్పులరిగేలా పదేళ్ళు తిరిగిన కేసైనా అరనిమిషంలో పోతుంది.

అందుకే ఆయన చేతిలో ఒక అట్ట ఉంటుంది. దానికి ఆనాటి జాబితా, దారంతో కట్టిన పెన్సిలు ముక్క. ఒక పిలుపుకు ఒక గీత. రెండో గీతకూ మూడో గీతకూ మధ్య ఆయన నీళ్ళు తాగుతాడు, కళ్ళజోడు తుడుచుకుంటాడు, ఒంగి మెట్ల వైపు చూస్తాడు. గీతలు పెట్టమని ఏ చట్టంలోనూ లేదు. నీళ్ళు తాగమని అంతకంటే లేదు.

ఉద్యోగంలో చేరిన మూడో ఏడు, భార్యకు నొప్పులొస్తున్నాయని కబురొచ్చిన రోజున, ఒక కేసును మూడుసార్లూ ఒకే గుక్కలో పిలిచేసి పరుగెత్తాడు. ఆ కేసు మంగలి దుకాణం మనిషిది. అతను అప్పుడు కింద కుళాయి దగ్గర ముఖం కడుక్కుంటున్నాడు. మర్నాడు గంటయ్య వచ్చేసరికి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. తిట్టలేదు, ఏడవలేదు.

"నన్ను పిలిచారా అయ్యా?" అని మాత్రం అడిగాడు.

పిలిచానని గంటయ్య చెప్పాడు. అది నిజమే. లోపల రాసిందీ నిజమే. అబద్ధం ఎవరూ ఆడలేదు, దుకాణం మాత్రం పోయింది. ఆ రోజు పుట్టిన కూతురికి ఇప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళు. ఆ ప్రశ్న వయసూ అంతే.

కోర్టుకు చేరేసరికి గోడకు కొత్త తీగలు బిగించి ఉన్నాయి. తలుపు పైన ఒక నల్ల పెట్టె. వచ్చే నెల నుంచి పిలుపులన్నీ అదే పిలుస్తుందనీ, గంటయ్యగారికి ఇక గొంతు తిప్పలు తప్పాయనీ బెంచి గుమాస్తా సంబరంగా చెప్పాడు.

"పెట్టె మెట్ల వైపు చూస్తుందా సార్?" అన్నాడు గంటయ్య.

గుమాస్తాకు అది వేళాకోళమో కాదో అర్థం కాలేదు. ఇవాళ తొంభై కేసులున్నాయనీ, కొత్త జడ్జిగారు నిదానం సహించరనీ చెప్పి లోపలికి పోయాడు.

జాబితాలో పదిహేడో నంబరు పెయింటరు తల్లిది. గోడలకు రంగులు వేసే కొడుకు పరంజా విరిగి మూడో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. పరంజా కట్టించిన కాంట్రాక్టరు మీద ఆమె కేసు వేసి తొమ్మిదేళ్ళయింది. కాగితాల్లో 'తాగి ఉన్నందువల్ల పడ్డాడు' అని రాశారు. వాడు పుట్టి బుద్ధెరిగి చుక్క ముట్టలేదు. ఆమెకు ఇంకేమీ అక్కర్లేదు, ఆ ఒక్క ముక్క తీసేయాలి. మోకాళ్ళు వాచి రెండు వాయిదాలకు రాలేకపోయింది. ఈసారీ రాకపోతే కేసు ఉండదని జడ్జిగారు పోయినసారే చెప్పేశారు. కేసు పోతే ఆ ముక్క రాతిమీద చెక్కినట్టే.

పదకొండు దాటి పది నిమిషాలకు పదిహేడో నంబరు వచ్చింది. గంటయ్య కటకటాల మీదుగా గేటు వైపు చూశాడు. ఆమె బస్సు ఇంకా రాలేదు. మొదటిసారి పిలిచాడు. ఒక గీత పెట్టాడు. అట్ట పట్టుకున్న ఎడమ చేయి మోచేతి దాకా మొద్దుబారింది.

కళ్ళజోడు తీసి తుడిచాడు. అద్దాలు అప్పటికే శుభ్రంగా ఉన్నాయి. మళ్ళీ తుడిచాడు. కాంట్రాక్టరు వకీలు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఏం గంటయ్యా, గంట తుప్పు పట్టిందా? కానివ్వవయ్యా, నాకు కింద ఇంకో కేసుంది."

"నీళ్ళు తాగుతున్నాను బాబూ."

అప్పుడు గేట్లోంచి నీలం గుడ్డసంచీ కనబడింది. ఆ సంచీ వెనకాల ఆమె, ఒక కాలు ఈడుస్తూ. గేటు నుంచి మెట్ల దాకా ఎనభై అడుగులు, ఆ తర్వాత నలభై నాలుగు మెట్లు. లిఫ్టు జడ్జిలది. గంటయ్య మెట్ల మొగలోకి నడిచి, కిందికి ఒంగి, రెండోసారి పిలిచాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో అంత గట్టిగా ఎప్పుడూ పిలవలేదు. ఆ పిలుపు మెట్లు దిగి, ఆవరణ దాటి, ఆమె చేయి పట్టుకున్నట్టే ఉంది. ఆమె తల ఎత్తి, వస్తున్నానని సంచీ ఊపింది.

రెండో గీత పెట్టాడు. పెన్సిలు చేతిలోంచి జారి దారానికి వేలాడింది. వీపంతా చెమట పట్టింది. గోడ పట్టుకుని వచ్చి తన స్టూలు మీద కూర్చున్నాడు. ఎవరో రొమ్ము మీద మోకాలు ఆనించి నొక్కుతున్నట్టుంది.

గుమాస్తా తల బయటపెట్టి, మూడోది అయిందా, అయ్యగారు అడుగుతున్నారని అన్నాడు. ఇంకా కాలేదని గంటయ్య తల ఊపాడు. గుమాస్తా విసుక్కుని వెనక్కి తిరిగాడు. మూడోది పిలవనిదే 'రాలేదు' అని రాయడానికి లోపల ఎవరికీ వీల్లేదు. ఆయనకు ఈ కోర్టులో ఉన్న అధికారమల్లా అంతే.

మెట్ల మీద కాలు ఈడ్చే చప్పుడు దగ్గరైంది. ఆగింది. మళ్ళీ మొదలైంది. ఆమె పైకి వచ్చి, ఎగపోస్తున్న ఊపిరితో, ఆయన ముందు నిలబడింది.

"నన్ను పిలిచేశారా తమ్ముడూ?"

"మూడోది ఉందక్కా" అన్నాడు. ఎప్పుడూ లేనంత చిన్న గొంతుతో అన్నాడు. "వెళ్ళు."

ఆమె లోపలికి వెళ్ళింది.

లోపల పని రెండు నిమిషాల్లో అయిపోయింది. కాంట్రాక్టరు వకీలు గడువు అడిగాడు, జడ్జిగారు ఇచ్చారు. కేసు బతికింది. ఆ ముక్క కాగితంలో అలాగే ఉంది. వాయిదా తేదీ రాసిన చీటీ పట్టుకుని ఆమె బయటికొచ్చింది. ఆమెకు చదువు రాదు. తొమ్మిదేళ్ళుగా ఆ తేదీ చదివి చెప్పేది గంటయ్యే.

"ఎప్పటికి వేశారో చూడు తమ్ముడూ."

ఆయన గోడకు తల ఆనించి, కళ్ళు మూసుకుని, అట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పాపం అలిసిపోయాడనుకుంది. పనిచేసే మనిషికి కాస్త కునుకు పడితే లేపకూడదనుకుంది. స్టూలు పక్కన నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, చీటీ మడత పడకుండా రెండు చేతులా పట్టుకుని, ఆయన లేచేదాకా ఆగుదామనుకుంది.

పద్దెనిమిదో నంబరు పిలుపు ఎంతకీ వినబడక గుమాస్తా విసురుగా బయటికొచ్చాడు.

"గంటయ్యగారూ" అన్నాడు. ఇంకాస్త గట్టిగా, "గంటయ్యగారూ" అన్నాడు.

మూడోసారి అతని నోరు రాలేదు.

పెయింటరు తల్లి తల ఎత్తి, "మెల్లగా బాబూ, నిద్రపోతున్నాడు" అంది.

మధ్యాహ్నం ఇద్దరు కోర్టు జవాన్లు ఆయన్ని మోసుకుని మెట్లు దిగారు. లిఫ్టు అడగాలని ఎవరికీ తోచలేదు. సాయంత్రం దాకా మిగతా పేర్లు గుమాస్తాయే, గొంతు బొంగురుపోయేలా పిలిచాడు. అట్ట మాత్రం ముట్టుకోలేదు. అది స్టూలు మీదే ఉంది. పదిహేడో నంబరుకు ఎదురుగా రెండు గీతలు, వాటి పక్కన మరొక గీతకు చోటు. పెన్సిలు ముక్క దారానికి వేలాడుతూ, ఎవరైనా పక్కనుంచి నడిచినప్పుడల్లా కొద్దిగా ఊగుతోంది.