రీలు కడిగే డబ్బా

జోజిబాబు తల మీద ఇనప రాడ్డు పడిన చప్పుడు నేను గోడ ఇవతల నుంచి విన్నాను. పెనుగొలను సమాధుల తోటలో మట్టి తవ్వుతున్న ట్రాక్టర్లకి అతను అడ్డం నిలబడ్డాడు. వాళ్ళమ్మని పూడ్చింది అక్కడే. గోడ ఎక్కి చూసే ధైర్యం లేక, మెళ్ళో ఉన్న పాత రీలు కెమెరాని చేతులెత్తి గోడ మీద పెట్టి గుడ్డిగా నొక్కాను. కొట్టేవాళ్ళ ముఖాలు నేను చూడలేదు. అక్కడున్నవాళ్ళ సెల్‌ఫోన్లన్నీ లాక్కుని చక్రాల కింద వేసి తొక్కించారు. నేను పారిపోవడం ఎవడో చూశాడు.

జోజిబాబు విజయవాడ ఆసుపత్రిలో తెలివి లేకుండా పడున్నాడు. కొట్టిందెవరో చెప్పడానికి ఒక్కడూ నోరు విప్పడం లేదు. ఇక మిగిలిన సాక్ష్యం నా రీలే. తిరువూరులో ఇప్పుడు రీళ్ళు కడిగే స్టూడియో లేదు. నేను సొంతంగా తయారుచేసిన డబ్బాలోనే కడగాలి.

దాని గురించి కాస్త గొప్పలు చెప్పుకుంటాను, ఏమీ అనుకోకండి. మా మావయ్య స్టూడియోలో చీకట్లో తడుముకుంటూ రీళ్ళు కడిగేవాడు. మందులకి చేతులు పొక్కిపోయేవి. రీలు మీద బొమ్మ చెడకుండా నిలబెట్టే హైపో మందు కూల్‌డ్రింక్ సీసాలో పోసి పెడితే మా అన్నయ్య గిరిబాబు చిన్నప్పుడు తాగబోయాడు. నా డబ్బాకి చీకటి గది అక్కర్లేదు. రీలు లోపల పెట్టి, కుక్కర్ మూతలా బిగించి, పిడి తిప్పితే అదే చుట్టుకుంటుంది. మందులు పైమూత తీసి గొట్టంలో పోస్తే చాలు, చేతికంటవు. గొట్టం మెలికలు తిరిగి ఉంటుంది కనక మందు వెళ్తుంది, వెలుతురు వెళ్ళదు.

బొమ్మ తేల్చే మొదటి మందు పని పూర్తయ్యేసరికి అన్నయ్య తలుపు తన్నుకుంటూ వచ్చాడు.

"రీలేదే?"

"ఎవర్ని కాపాడదామని? ఆ ట్రాక్టర్ల ఓనరు అనిల్ కుమార్‌నా?"

"వాడు నా స్నేహితుడు. ఎవడి కోసమో వాణ్ణి జైలుకి పంపిస్తావా?"

చెంప మీద కొట్టాడు. చెవి గుయ్యిమంది. జుట్టు పట్టుకుని గోడకేసి బాదాడు. నేను వాడి ముంజేతిని రక్తం వచ్చేదాకా కొరికాను. మధ్యలోకొచ్చిన అమ్మని తోసేస్తే బల్ల అంచు తగిలి ఆవిడ మోచెయ్యి చీరుకుపోయింది. వాడు డబ్బా ఎత్తి నేలకేసి కొట్టాడు. పైమూత ఎగిరిపోయి మందంతా ఒలికింది. హైపో క్యాన్ని తన్నాడు. పగలని క్యాను కనక దొర్లుకుంటూ మంచం కిందికి పోయింది.

"లైటు తగిలింది. ఇంక నీ రీలు పోయినట్టే" అన్నాడు రొప్పుతూ. మావయ్య దగ్గర చూసిన పరిజ్ఞానం మరి! మూత తీస్తే రీలు పోతుందన్న ఒక్క ముక్కే వాడికి తెలుసు. ఊడింది పైమూతేనని, గొట్టం దాటి వెలుతురు లోపలికి పోదని చెప్పకుండా నేను నోరు మూసుకున్నాను. పుట్టాక అదే మొదటిసారి.

"అమ్మా, స్నానం చేసొస్తా, అన్నం పెట్టు" అని వెళ్ళిపోయాడు. వాణ్ణి అక్కడికక్కడే చంపెయ్యాలనిపించింది.

హైపో క్యాను మంచం కింద నుంచి లాగి డబ్బాలో పోశాను. తర్వాత నీళ్ళతో కడిగి, రీలు బయటికి తీసి కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాను. అన్నయ్య అప్పటికి వంటింట్లో అన్నం తింటున్నాడు. అమ్మ వచ్చి నా పక్కన నిలబడింది.

రీల్లో నలుపూ తెలుపూ తిరగబడి ఉంటాయి గాని మనుషుల్ని పోల్చుకోవచ్చు. అనిల్ కుమార్ దూరంగా ట్రాక్టరు మీద కూర్చున్నాడు. జోజిబాబు నేల మీద పడున్నాడు. అతని మీదికి రాడ్డు ఎత్తినవాడు మా అన్నయ్య.

"మనవాడేనా?" అంది అమ్మ.

"వాడేనమ్మా."

ఏడుస్తుందనుకున్నాను. రీలు ఇచ్చెయ్యమని నా కాళ్ళు పట్టుకుంటుందని భయపడ్డాను. ఆవిడ చెంగుతో మోచేతి రక్తం తుడుచుకుని వంటింటి దాకా వెళ్ళింది. ఆ గదికి ఒకటే తలుపు. దాన్ని బయటి నుంచి దగ్గరికి లాగి గొళ్ళెం పెట్టింది.

"స్టేషన్‌కి పో" అంది నాతో, గొంతు తగ్గించి.

"అమ్మా, పెరుగు!" అని లోపల్నుంచి అన్నయ్య కేకేశాడు.

అమ్మ తలుపుకి వీపు ఆనించి నిలబడి, "వస్తున్నా నాన్నా" అంది.