ఎదుటి పక్షం

బావమరిది రావడం మానేశాక సాయంత్రాలు మరీ పొడుగైపోయాయి.

అంతకుముందు పొద్దువాలేసరికి మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించేది. తలుపు పూర్తిగా తీయకముందే గొడవ మొదలయ్యేది.

"పేపరు చూశావా బావా? మీ మంత్రిగారు మన నేల కింద బంగారం ఉందంటున్నాడు."

"బంగారం కాదోయ్, చమురు. ఊరందరికీ కళ్ళద్దాలు అమ్ముతావు, నీకు మాత్రం అక్షరాలు కనపడవు," అంటూ ఆయన టీకి నీళ్ళు పెట్టేవాడు.

ఊళ్ళో ఆయన్ని రాళ్ళ డాక్టరు అంటారు. చమురు బావి తవ్వేటప్పుడు అడుగునుంచి బురదతోపాటు పైకొచ్చే రాతిముక్కల్ని కడిగి, మైక్రోస్కోపు కింద పెట్టి, లోపల ఏముందో చెప్పడం ఆయన ఉద్యోగం. ఉద్యోగం వదిలినా పేరు వదల్లేదు. ఆయన భార్య తమ్ముడికి బజారులో కళ్ళద్దాల షాపుంది. ఊరవతల గడ్డి మైదానంలో చమురు తవ్వాలన్న మాట ప్రభుత్వం ఎత్తినప్పట్నుంచీ ఆయన తవ్వాలంటాడు, బావమరిది వద్దంటాడు.

ఆవిడ ఉన్న రోజుల్లో తీర్పు చెప్పేది ఆవిడే. మొగుడూ తమ్ముడూ గొంతులు చించుకుంటుంటే, మంచం మీద కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతూ వినేది. చివరి చొక్కా మడతపెట్టి, "ఇద్దరూ ఓడిపోయారు. లేచి చేతులు కడుక్కోండి," అనేది. ఆవిడ పోయాక వడ్డించే మనిషి పోయింది గానీ వాదన మిగిలింది. పరామర్శకి వచ్చినవాళ్ళంతా ఆయన చెయ్యి పట్టుకుని ఏవేవో చెప్పారు. బావమరిది ఆ మాటలేవీ అనలేదు. దినాలయ్యాక ఒక సాయంత్రం వచ్చి కూర్చుని, "అయినా పెట్రోలు ధర నువ్వనుకున్నట్టు తగ్గదు బావా," అన్నాడు. ఆ పూట ఆయన ఆకలేసి తిన్నాడు.

అలాంటిది, మైదానం సంగతి మీద బహిరంగ విచారణ జరుగుతుందని ప్రకటన వచ్చింది. తవ్వకం వద్దనేవాళ్ళు కమిటీ వేసుకుని బావమరిదిని కార్యదర్శిని చేశారు. మన కార్యదర్శి రోజూ చమురు కంపెనీ మనిషి గడప తొక్కితే జనం ఏమనుకుంటారని వాళ్ళే అన్నారట. బావమరిది ఫోన్ చేసి చెప్పాడు.

"విచారణ అయ్యేదాకా రాలేను బావా. ఏమీ అనుకోకు."

"అయ్యాక వస్తావుగా?"

"అయ్యాక ఇంక కొట్టుకోవడానికేముంటుంది?" అని నవ్వాడు.

తమాషాకే అన్నాడు. కానీ ఫోన్ పెట్టేశాక ఆ మాట ఆయన్ని పట్టుకుంది. ప్రభుత్వం అవునన్నా, కాదన్నా వాదన అయిపోతుంది. వాదన అయిపోతే ఈ మనిషి ఇక దేనికొస్తాడు?

రేడియోలో నాయకులు ఇంధన విధానం మీద మాట్లాడుతుంటే ఆయన వంటింట్లోంచి ఎదురు చెప్పేవాడు. రేడియో తిరిగి తిట్టేది కాదు. కింది వాటా ఆవిడకి ఈ ఒంటరి మాటలు వినపడే ఉంటాయి. ఏమీ అడగలేదు. ఎప్పుడూ మూసి ఉంచే వంటింటి కిటికీ మాత్రం సాయంత్రంపూట తెరిచి ఉంచడం మొదలుపెట్టింది. అంట్లు తోమే చప్పుడూ, పిల్లని కసరడమూ పైకి వినిపించేవి. కావాలని తెరిచిందో, ఉక్కపోతకి తెరిచిందో గానీ, ఆయన ఆ చప్పుడు దగ్గర కుర్చీ వేసుకునేవాడు.

విచారణలో తమ తరఫున నాలుగు మాటలు చెప్పమని కంపెనీవాళ్ళు అడిగితే సరేనన్నాడు. ఆ తర్వాతే ఆయనకో ఆలోచన వచ్చింది. తనే అటు మారిపోతే? కమిటీ మనిషి ఇంటికి కమిటీ కార్యదర్శి రావడానికి అడ్డేముంది? చదువుకున్నవాడికి రావలసిన ఆలోచన కాదు. ఖాళీ ఇంట్లో అది చాలా తెలివైనదిగా కనిపించింది.

విచారణ రోజు మున్సిపల్ హాలు కిటకిటలాడింది. కుడివైపు కంపెనీవాళ్ళు, ఉద్యోగాలొస్తాయని ఆశపడుతున్న కుర్రాళ్ళు. ఎడమవైపు కమిటీ, మైదానంలో పశువులు మేపుకునేవాళ్ళు. ముందు వరసలో బావమరిది, ఒళ్ళో కాగితాలు. పేరు పిలవగానే రాళ్ళ డాక్టరు మైకు దగ్గరికి వెళ్ళాడు.

"ఈ మైదానంలో తవ్వకం వద్దంటున్నాను," అన్నాడు.

ఎడమవైపు చప్పట్లు మోగాయి. కంపెనీ మనిషి మొహం మాడిపోయింది.

"మన నేల్లో తీసినంత మాత్రాన చమురు మనకి చవగ్గా రాదు. ఎక్కువ ఇచ్చేవాడి దగ్గరికే ఓడెక్కి పోతుంది. పోయేది మన నీళ్ళు. ఇవాళ అనుమతిచ్చినా, మొదటి బొట్టు పడేసరికి మన మనవలకి పెళ్ళిళ్ళవుతాయి..."

బావమరిది చప్పట్లు కొట్టలేదు. లేచి నిలబడ్డాడు. "ఆగు బావా!"

"మీ వంతు వచ్చినప్పుడు మాట్లాడండి," అన్నాడు విచారణ అధికారి.

"ఆయన మాట్లాడేది నా వంతేనండీ! ఒక్క ముక్క ఆయనది కాదు, అన్నీ నావే."

హాలంతా గొల్లుమంది.

"మనసు మార్చుకున్నానోయ్," అన్నాడు రాళ్ళ డాక్టరు.

"నువ్వా? అక్క చెబితేనే మారని మనిషివి! మనం తవ్వకపోతే వాడటం మానేస్తామా, ఇంకెవరి మైదానంలోనో తవ్వించి తెచ్చుకుంటాం, వాళ్ళవి నీళ్ళు కావా అని నన్ను నిలదీశావే, అదేమైంది? చమురు ఓడలు రావడం ఆగిపోతే ఆసుపత్రి జనరేటరు గాలితో నడుస్తుందా అన్నావే, అదేమైంది? వాటికి నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు. జవాబు లేకుండానే వద్దంటున్నాను. నీకేమొచ్చింది?"

రాళ్ళ డాక్టరు ఇన్నాళ్ళూ తను చెప్పేదంతా బావమరిది ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తున్నాడనే అనుకున్నాడు. అతను ఒక్క మాటా మరిచిపోలేదు.

కమిటీ అధ్యక్షుడు బావమరిది చొక్కా పట్టి లాగాడు. "కూర్చోండి సార్! ఆయన మనవైపు మాట్లాడుతుంటే మీరు చెడగొడతారేంటి!"

బావమరిది చెయ్యి విదిలించుకున్నాడు. "ఎందుకు అబద్ధం చెబుతున్నావు బావా?"

"నువ్వు రావడం లేదుగా," అన్నాడు ఆయన.

మెల్లగానే అన్నాడు. కానీ నోటిముందు మైకుంది. ఆ మాట హాలు వెనక గోడదాకా పోయింది. ఎవరూ నవ్వలేదు. బావమరిది కూర్చుండిపోయి, ఒళ్ళో కాగితాలు అటూ ఇటూ సర్దాడు. అధికారి కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. ఆ పెద్దమనిషి తొందరపెట్టకపోవడం ఆ రోజు రాళ్ళ డాక్టరుకి దొరికిన మేలు.

"ఇంతకీ తమరి అభిప్రాయం ఏమని రాసుకోమంటారు?"

"తవ్వాలండీ. జాగ్రత్తగా తవ్వాలి. ఇందాకటిది కొట్టేయండి."

ఈసారి ఏ వైపునుంచీ చప్పట్లు రాలేదు.

విచారణ ముగిశాక కంపెనీ కారు ఆయన పక్కనుంచే పోయింది, ఆగలేదు. ఆయన మెట్లు దిగి గోడవార నడుస్తుంటే వెనకనుంచి బావమరిది వచ్చి కలిశాడు.

"పదిమందిలో పరువు తీశావు," అన్నాడు బావమరిది.

"నువ్వు నాది తీయలేదూ?"

"కార్యదర్శి పని ఊడింది. నీ వాదన నీకంటే బాగా చెప్పానట."

"నిజమేనోయ్. బాగా చెప్పావు."

"నవ్వించకు. కోపంగా ఉన్నాను. నాకోసం అబద్ధమాడతావా? రేపు నిజంగానే నా మాట ఒప్పుకున్నా, నేనెలా నమ్మేది? ఇవాళ రాను. రేపూ రాను."

దారులు విడిపోయేచోట ఇద్దరూ ఆగారు. ఇన్నేళ్ళుగా అతనే వచ్చేవాడు. తను వెళ్ళొచ్చని రాళ్ళ డాక్టరుకి ఒక్కసారీ తోచలేదు.

"నువ్వు రావద్దులే. నేనే షాపుకొస్తాను."

బావమరిది ఆయన్ని ఎగాదిగా చూశాడు. "బేరాలుంటే మాట్లాడను."

"బయట నిలబడతాను."

"నిలబడు," అని వెళ్ళిపోతూ నాలుగడుగులేసి వెనక్కి తిరిగాడు. "జాగ్రత్తగా తవ్వాలి అన్నావే. జాగ్రత్తగా ఉన్నారో లేదో చూసేదెవరు? అది ఆలోచించుకుని రా!"

ఆయన ఒక్కడే ఇంటికి నడిచాడు. తాళం తీసి, దీపం వేసి, చొక్కా అయినా విప్పకుండా కూర్చున్నాడు. ఎవరు చూస్తారు? కంపెనీయే చూసుకుంటుందంటే అతను ఊరుకోడు. ప్రభుత్వం చూస్తుందంటే అసలే ఊరుకోడు. గదిలో ఎవరూ లేరు. ఆయన చాలాసేపు ఆలోచిస్తూనే ఉన్నాడు.